4కె తెర కొంటే సీరియల్ మారదు

సంపాదకులకు,

పండగ ఆఫర్ల వ్యాసంలో ‘4కె టీవీ తెచ్చుకుంటే అన్ని చానళ్లూ నాలుగింతలు స్పష్టంగా కనిపిస్తాయి’ అని రాశారు. తెర మీద చుక్కలు నాలుగింతలన్నది నిజమే. ఫుల్ హెచ్‌డీలో 20,73,600 ఉంటే, 4కెలో 82,94,400. వాటిని నింపే బొమ్మ ఎక్కడిది మరి? మామూలు ఎస్‌డీ చానల్‌లో ఉండేవి 576 గీతలే. హెచ్‌డీ చానళ్లు కూడా మన దగ్గర ఎక్కువగా 1080ఐ రూపంలోనే వస్తాయి. అంటే సెకనుకు 50 సగం బొమ్మలు: ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. మిగతాదంతా టీవీలోని చిప్ అంచనా కట్టి పూరించేదే. బావిలో లేనిది బొక్కెనలోకి ఎలా వస్తుంది?

దూరం సంగతి అసలు ఎత్తనే లేదు. మామూలు చూపున్నవారికి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీది చుక్కలు ఆరడుగులు దాటితే విడిగా కనిపించవు. మన ఇళ్లలో సోఫా ఉండేది తొమ్మిది, పది అడుగుల అవతల, గోడకు ఆనించి!

మీరు హెచ్చరించాల్సింది ‘హెచ్‌డీ రెడీ’ గురించి. ఆ పేరుతో అమ్మే 32 అంగుళాల టీవీల్లో చాలావాటి తెర 1366×768. అది 720కీ అతకదు, 1080కీ అతకదు. వచ్చిన ప్రతి బొమ్మనూ సాగదీయడమో కుదించడమో తప్పదు.

4కెలో తీసిన సినిమాను ఓటీటీలో, పెద్ద తెర మీద, దగ్గరగా కూర్చుని చూసేవారికి తేడా తెలుస్తుంది, కాదనను. కేబుల్ సీరియళ్ల కోసం అదనంగా డబ్బు పోయమనడం మాత్రం అన్యాయం.

– ఒక కేబుల్ చందాదారు, తెనాలి