తుంగభద్ర చేపల హేచరీ బెస్తల చేతికివ్వాలి

తుంగభద్ర ఎగువ కాలువ హెచ్చెల్సీలో నీళ్లొస్తే అనంతపురం జిల్లా విడపనకల్లు మండలంలో మడికే కాదు, చెరువుకూ ప్రాణం వస్తుంది. అయితే ఆ నీళ్లిస్తున్న తుంగభద్ర డ్యామే 1953 నుంచి చేపల దారికి అడ్డుపడింది. వరదకు ఎదురీది ఎగువకు వెళ్లి గుడ్లు పెట్టే జాతులకు తోవ మూసుకుపోయింది. నీటిలో మొలిచే గడ్డి మేసే చేప ఒకటుంది, కన్నడిగులు హరగి మీను అంటారు. ఒకప్పుడు వలనిండా పడిన ఆ చేప ఇవాళ అంతరించే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది.

దాన్ని నిలబెట్టే విద్య మనకు దూరంగా లేదు. బెంగళూరు దగ్గరి హెసరఘట్టలో కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ ప్రాంతీయ కేంద్రం హరగి మీనుకు హార్మోన్ సూది వేసి గుడ్లు పెట్టించింది, పిల్లల్నీ పెంచింది. ఆ పిల్లలు మన నీళ్లలోకి రావాలి. రోహు, బొచ్చె వద్దనడం లేదు, అవి కూటికి కావాలి. నది సొంత చేప కూడా బతకాలంటున్నాం.

డ్యాము దెబ్బతీసిన చేపను హేచరీతో తిరిగి తెచ్చుకున్నవాళ్లున్నారు. అమెరికాలో స్నేక్ నదిపై డ్యాములు కట్టాక 1990లో శరత్కాలపు చినూక్ సాల్మన్లలో హేచరీలో పుట్టనివి 78 మాత్రమే ఆ నది మీది లోయర్ గ్రానైట్ డ్యామ్ దాటాయి. నెజ్ పెర్స్ గిరిజనులు పంతం పట్టి తామే హేచరీ నడిపి, పిల్లల్ని నదిలోకి వదిలారు. 2014లో తిరిగొచ్చినవి 60 వేలు దాటాయి. వాటిలో ఎక్కువ హేచరీ సంతతే, నిజమే. కానీ నదిలో చేప ఉంది, పట్టే హక్కూ ఆ తెగకుంది. నదిలో సహజంగా పుట్టే సంతతిని హేచరీ పలచబరుస్తుందన్న అభ్యంతరంలో పస ఉంది. అందుకే తల్లిచేపలు తుంగభద్రవే కావాలని పట్టుబడుతున్నాం.

హెచ్చెల్సీ నీళ్లు చేరే పెన్నహోబిలం జలాశయం దగ్గర హరగి మీను హేచరీ పెట్టాలి. ఖర్చు ప్రభుత్వానిది, నడిపేది, లెక్క చూసేది బెస్తల సహకార సంఘాలు. కాంట్రాక్టరుకు అప్పగిస్తే తొట్లు మిగులుతాయి, చేప మిగలదు. పిల్లను వేలెడంతయ్యేదాకా పెంచాకే వదలాలి. చిన్నప్పుడే వదిలితే కొర్రమీను నోట్లోకే పోతుంది. పైగా మన చెరువుల్లో నీళ్లుండేది కొన్ని నెలలే, మరీ చిన్న పిల్ల ఎదగడానికి ఆ గడువు చాలదు. గాలం వేసి సరదాగా పట్టేవాళ్లకు లైసెన్సులిచ్చి, ఆ రుసుమూ సంఘాలకే ఇవ్వాలి. వచ్చే వానాకాలం హెచ్చెల్సీకి నీళ్లు వదిలేలోపు మత్స్యశాఖ స్థలం చూపించాలి, నిధులు కేటాయించాలి.