పంటివేరులోని పాచి

పాచి యను మాట మన యిండ్లలో రెండు తావుల వినబడుచుండును. నూతిగట్టుపై కాలు జాఱించు పొరయు పాచియే. తెల్లవాఱి దంతధావనమునకు పూర్వము పండ్లపై నుండునదియు పాచియే. ఈ రెంటికిని ఒకే పేరుండుట మిక్కిలి తగియున్నది. రెండు చోట్లను సూక్ష్మజీవులు గుంపులుగా జేరి, తాము స్రవించిన జిగురునే గోడగా గట్టుకొని, అందు కాపురముండును. విశాఖపట్టణపు సోదరీమణులు దీనిని రేవునందు గూడ చూడవచ్చును. సముద్రజలమున నిలిచిన యోడ యడుగున మొదట నిట్టి జిగురుపొర యేర్పడును. పిదప గుల్లలు పట్టును. అది తనంతట పోదు. ఓడ యడుగును గీకి కడుగవలసినదే.

ఇట్టి పాచి పంటివేరు లోపల పట్టినచో నేమగునో గృహిణులు తెలిసికొనవలసియున్నది. పంటి నడుమ మెత్తని గుజ్జొకటి కలదు. రక్తనాళములును, నొప్పిని దెలుపు నాడులును అందే యుండును. పిప్పి లోతునకు దిగి గుజ్జు నంటినపుడు క్రిములు లోనికి జొచ్చును. కొన్నాళ్లు నిద్రపట్టనీయని పోటు పెట్టి, తుదకు గుజ్జు చచ్చును. అంతట నొప్పియు నాగును. లవంగతైలము గుణమిచ్చినదని తలచి యిల్లాలు వంటపనిలో బడును. చచ్చినది నొప్పి చెప్పు నాడియే గాని వ్యాధి చావలేదు. పాచి పెరిగి పెరిగి, వేరు కొనను దాటి, దవుడ యెముకను దినివేయును. నెలలకో, సంవత్సరములకో చీము పట్టి ముఖము వాచును.

"మాత్రలు మ్రింగిన జాలదా?" యని యడుగువారు పెక్కురు. మాత్రలోని యౌషధము రక్తముతో ప్రయాణము చేయును. చచ్చిన గుజ్జులో రక్తప్రసార మెక్కడిది? చుట్టునున్న వాపు కొంత తగ్గవచ్చును గాని లోపలి కాపురము చెక్కుచెదరదు. పైగా జిగురులో దాగిన క్రిములు విడిగా దిరుగు క్రిములకంటె వేయిరెట్ల వఱకు మందును దట్టుకొనగలవు. వ్యాధికి మూలము క్రిములే యని 1965లో అమెరికాలో నెలుకలపై జరిగిన పరీక్ష స్పష్టపఱచినది. క్రిములు లేని తావున బెంచిన యెలుకల పంటిగుజ్జును దెఱచియుంచినను అది మానిపోయెను. మామూలుగా బెరిగిన యెలుకలలో గుజ్జు చచ్చి చీము పట్టెను.

కావున రూట్ కెనాల్ చికిత్సకు ప్రాణము కడుగుటయే. వైద్యుడు ముందుగా ఉమ్మి తగులకుండ పన్నుచుట్టు రబ్బరుపొర బిగించి, సూదులవంటి సన్నని యాకురాళ్లతో వేరులోని కాలువల గోడలను గీకును. కాని యవి తిన్నని గొట్టములు కావు. పైవరుస నమలుపంటికి తఱచు నాలుగు కాలువలు, వానికి చీలికలు నుండును. గోడలలో మూడవవంతో, అంతకు మించియో ఆకురాయికి తగులదని పరీక్షలలో దేలినది. ఆ మూలలకు ద్రావకమే పోవలెను. అందులకు సోడియం హైపోక్లోరైటును వాడుదురు. 1915లో డేకిన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు యుద్ధమున గాయపడిన సైనికుల పుండ్లను గడుగుటకు దీనినే నూటికి అరపాలుగా నీటగలిపి సిద్ధము చేసెను. ఇది చచ్చిన గుజ్జును గరగించును, పాచిజిగురును జెఱచును. గోడలకంటిన గీకుడుపొడిని ఇ.డి.టి.ఏ. యను మఱియొక మందు తీయును. అవసరమైనచో సున్నపుజాతిదగు కాల్షియం హైడ్రాక్సైడు ముద్దను గొన్నిదినములు లోపల నుంచుదురు. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అను మొండిక్రిమి యా సున్నమును గూడ దట్టుకొనును; అందుచేతనే కడుగుటలో తొందర పనికిరాదు. విశాఖలో ఋషికొండవద్ద గీతం దంతవైద్యకళాశాలయందును, సంగివలసలోని అనిల్ నీరుకొండ దంతవైద్యసంస్థయందును ఈ చికిత్సకు ప్రత్యేకశాఖలు కలవు.

సోదరీమణులారా! మొదటి కడుగుడుతోనే పోటు తగ్గుట కలదు. "నొప్పి లేదు గదా, మఱల నేల పోవలె"నని మానివేసినచో తాత్కాలికపు మూత యరిగి, ఉమ్మి చొచ్చి, పాచి మఱల కాపురము పెట్టును. ఇంటిల్లిపాది రోగములు చూచిన పిదపనే తన పంటిమాట తలచు గృహిణికే యిది తఱచు సంభవించును. గర్భవతులకు నీ చికిత్స నిషిద్ధము కాదు. నెలలు మాత్రము వైద్యునకు ముందే తెలుపవలెను. బట్టలు తెల్లబఱచు ద్రావకము నిట్టిదే గదా యని దానితో నింట పుక్కిలింపరాదు, నోరు పుండగును. శాశ్వతమైన మూతయు, వైద్యుడు చెప్పినచో దానిపై తొడుగును పడువఱకు పని పూర్తికాలేదని యెఱుగుడు.