వేషం వేదిక మీదే ఉండాలి

నెల్లూరు జిల్లా ఆత్మకూరు, ఉదయగిరి పల్లెలకు వీసా గురించి పాఠం చెప్పనక్కర్లేదు. విజిట్ వీసా చేతిలో పెట్టి, ‘కువైట్‌లో దిగాక అకామా (నివాస అనుమతి) కొట్టిస్తాం’ అన్న ఏజెంటు మాట నమ్మి చివరికి కల్లివెల్లి, అంటే కాగితాల్లేని కూలీలు, అయిపోయినవాళ్ల కథలు సోమశిల దాకా అందరూ విన్నవే. అదే మోసం ఇప్పుడు శాలువా కప్పుకొని కళాకారుల గుమ్మం ఎక్కుతోంది.

అమెరికా తెలుగు సంఘాలు మన చెక్కభజన, హరికథ, పద్యనాటకం కళాకారులను పిలిస్తే సంతోషమే. పేచీ అంతా ఆ పిలుపు వెంట కొందరు నిర్వాహకులు చెవిలో వేసే సలహాతోనే: టూరిస్టు వీసా పెట్టుకోండి, కాన్సులేట్‌లో అడిగితే చుట్టాలను చూడ్డానికని చెప్పండి. సందర్శక వీసా మీద వెళ్లి సొమ్ము తీసుకుని ప్రదర్శన ఇవ్వడం అక్కడి చట్టానికి విరుద్ధం. ఇంటర్వ్యూలో చెప్పింది అబద్ధమని తేలితే జీవితాంతం ప్రవేశ నిషేధం పడొచ్చు. అప్పుడు సంఘానికి పోయేది ఒక ఐటమ్. కళాకారుడికి పోయేది పాస్‌పోర్టు మీద పరువు.

ఇంతకంటే ఘోరమూ చూశాం. తెలుగు సంఘాల కార్యక్రమాల పేరు చెప్పి సినీ నటీమణులను తాత్కాలిక వీసాలపై రప్పించి వ్యభిచారంలోకి దించారన్న కేసు 2018లో చికాగోలో బయటపడింది. కార్యక్రమం పేరు ఒకటి, పని ఒకటి అయినచోట ఆడకూతురికి ఏ కాగితమూ అండగా నిలవదు.

సరైన దారి లేదా అంటే, ఉంది. కళాకారులకు, క్రీడాకారులకు 1990 నాటి అమెరికా వలస చట్టం పీ వీసాలు పెట్టింది. అందులో పీ-3 సాంప్రదాయ కళలవారికోసమే. దరఖాస్తు వేయాల్సింది కళాకారుడు కాదు, పిలిచే సంస్థ. ఒప్పందం, కార్యక్రమాల పట్టిక, అక్కడి కార్మిక సంఘం అభిప్రాయం, కళ ప్రత్యేకతకు రుజువులు జతచేయాలి. తలనొప్పే, కాదనం. 2024 ఏప్రిల్‌లో ఫీజు పెంచి, ఒక్కో దరఖాస్తులో 25 మందికి మించకూడదన్న హద్దూ పెట్టారు. ఊరంతా కదిలే నాటక సమాజానికి అది ఇరుకే. అయినా లాభాపేక్ష లేని సంస్థకు ఆ పెంపు తర్వాత ఖరారైన ఫీజు 510 డాలర్లు. సినీ సంగీత విభావరికి లాయర్లను పెట్టే నిర్వాహకులకు హరిదాసు దగ్గరికొచ్చేసరికే చెయ్యి రాదా?

మన ప్రభుత్వమూ చేతులు కట్టుకుని కూర్చోకూడదు. రాష్ట్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే ధ్రువపత్రం, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, ప్రదర్శనల వీడియోలు వంటివి పీ-3కి రుజువులుగా పనికొస్తాయి. ఉదయగిరి కొండ కింద చిడతలు పట్టే మనిషికి ఇవన్నీ ఎవరు కూడగట్టి పెడతారు? నెల్లూరులో ఒక ఉద్యోగిని ఈ పనికే కేటాయిస్తే పోయేదేమీ లేదు.

ఇంతకీ నిర్వాహకులకు మా మాట ఒక్కటే. టూరిస్టు వీసాతో రమ్మనేట్టయితే పిలవొద్దు. అక్కడి తెలుగు సంఘాల మహాసభలు ఎక్కువగా జులైలోనే జరుగుతాయని అందరికీ తెలుసు, పీ-3 దరఖాస్తు ఏడాది ముందే వేసుకోవచ్చు. ఇప్పుడే వేయండి.