బెర్లిన్‌లో బొమ్మల ఉద్యోగం: జీతం సరే, అద్దె ఇల్లు దొరికిందా?

మా ఐ.పోలవరం వైపు పై దేశం అంటే రెండే దారులు తెలుసు. ఒకటి మస్కట్, దుబాయ్, కువైట్. కోనసీమ ఆడవాళ్లు ఎందరో అక్కడ ఇంటిపనికి వెళ్లి, పంపిన డబ్బుతోనే ఇక్కడ డాబాలు లేపారు. రెండోది ఎదుర్లంక దగ్గర వంతెన దాటితే వచ్చే యానాం దారి. 1962లో యానాం చట్టప్రకారం మన దేశంలో కలిసినప్పుడు కొన్ని కుటుంబాలు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకున్నాయి. వాళ్ల పిల్లలు వీసా బాధ లేకుండా ఫ్రాన్సు వెళ్తారు.

ఇప్పుడు మూడో దారి కనబడుతోంది. మా వీధిలో అమ్మాయి విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివి, హైదరాబాదులో ఓ ప్రకటనల ఏజెన్సీలో రెండేళ్లు పనిచేసి, 2025లో బెర్లిన్‌లో అలాంటి ఏజెన్సీలోనే చేరింది. "కంప్యూటర్ వాళ్లకంటే సరేనండి, బొమ్మలేసుకునే పిల్లకి అంత దూరం పిలిచి ఎవరిస్తారండి ఉద్యోగం?" అని వాళ్లమ్మ నన్నడిగింది.

ఇస్తారు. జర్మనీలో ముసలివాళ్లు పెరిగారు, పనిచేసే వయసు వాళ్లు తగ్గుతున్నారు. 2000లో కంప్యూటర్ నిపుణులకు గ్రీన్ కార్డు ఇస్తామన్నప్పుడు, ఇండియన్లు ఎందుకు, మన పిల్లల్ని చదివించుకుందామని అక్కడ ఓ పెద్ద నాయకుడు ఎన్నికల్లో ప్రచారం చేశాడు. 2024 అక్టోబరుకి వచ్చేసరికి అదే దేశం, నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏడాదికిచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామంది. అవసరం మాట మార్పిస్తుంది మరి!

పైగా బెర్లిన్ ఏజెన్సీల్లో చాలాచోట్ల పని ఇంగ్లీషులోనే. బ్రిటన్ నుంచి వచ్చి ప్రకటనల మాటలు రాసేవాళ్లు, డిజైన్లు చేసేవాళ్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నారు. 2020 చివరిదాకా వాళ్లకి ఏ అనుమతీ అక్కర్లేదు. బ్రిటన్ యూరప్ కూటమి నుంచి బయటికొచ్చాక, కొత్తగా వెళ్లే బ్రిటిష్ వాళ్లు కూడా కాగితం తీసుకోవాల్సిందే. అయినా తేడా చూడండి. వాళ్లు వీసా లేకుండా దిగి, అక్కడే కూర్చుని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన పిల్ల ఇక్కడే వీసా చేతికొచ్చాకే విమానం ఎక్కాలి.

ఆ వీసాకి జీతం లెక్క ఉంది. బ్లూ కార్డు రావాలంటే 2025లో ఏడాదికి 48,300 యూరోలు ఉండాలి. చదువు పూర్తయి మూడేళ్లు దాటనివాళ్లకి సుమారు 43,760 చాలు. ఈ అంకె ఏటా మారుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది లెక్కలోది కాదు గానీ, బొమ్మల ఉద్యోగాల్లో మొదటి జీతాలు అంత పలకవు. మా అమ్మాయి డిగ్రీ కొత్తది కాబట్టి గట్టెక్కింది.

అసలు కష్టం ఆఫీసు బయట మొదలైంది. ఇంట్లో చేరిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. పన్ను నంబరు కూడా ఆ నమోదు తర్వాతే ఇంటికొస్తుంది. అది ఆలస్యమైతే జీతంలో పన్ను ఎక్కువ కోత పడుతుంది. కానీ కొత్తగా వచ్చిన పిల్లకి ఇల్లెవరిస్తారు? జీతం చీటీలు, పాత అప్పుల చరిత్ర చూపించమంటారు. మూడు నెలల అద్దె దాకా అడ్వాన్సు అడగొచ్చు. చిరునామా నమోదు చేసుకోనివ్వం అని షరతు పెట్టి గదులిచ్చేవాళ్లూ ఉన్నారు. తెలియక అలాంటి గదిలో దిగితే మళ్లీ మొదటికే. మా అమ్మాయికి రెండు నెలలకి గానీ సొంత గది దొరకలేదు. తీరా చూస్తే వంటగది ఖాళీ. పొయ్యీ లేదు, సింకూ లేదు! అక్కడ చాలా ఇళ్లు అంతే, అద్దెకొచ్చినవాళ్లే వంటగది బిగించుకోవాలి. ఇది విని వాళ్లమ్మ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది కాబట్టి మా పిల్ల జర్మన్ నేర్చుకోకుండానే వెళ్లింది. ఇంటివాళ్ల ఉత్తరం, ఇన్సూరెన్సు కాగితం, డాక్టరు దగ్గర కూర్చోవడం, అన్నీ జర్మనే. బ్రిటిష్ సహోద్యోగులదీ ఇదే అవస్థట. కాకపోతే ప్రకటనల్లో ఇంగ్లీషు వాక్యం రాసే పనికి వాళ్లే ముందు గుర్తొస్తారు. మన పిల్లకి ఆ వెసులుబాటు లేదు. బొమ్మ బాగుండాలి, మాటా రావాలి.

ఇంకోటి. మొదటి ఆరు నెలల దాకా పరీక్షాకాలం పెట్టుకోవచ్చు. ఆ వ్యవధిలో రెండు వారాల నోటీసుతో తీసేయొచ్చు. ఏజెన్సీలంటే ఒక పెద్ద ఖాతాదారు పోతే బల్లలు ఖాళీ అయ్యే చోటు. ఉద్యోగం పోతే, బ్లూ కార్డు వచ్చి రెండేళ్లు నిండనివాళ్లకి ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా మూడు నెలలు గడువు. గల్ఫులోలాగా యజమాని పాస్‌పోర్టు లాక్కుని కూర్చోడు, నిజమే. కానీ క్యాలెండరు మాత్రం చూసుకుంటూ ఉండాల్సిందే. మనం ఫోనులో "జీతం ఎంతే?" అనడుగుతాం గానీ "పరీక్షాకాలం ఎప్పటికైపోతుంది?" అని అడగం.

ఈలోగా కాకినాడ నుంచి సంబంధం వచ్చింది. బ్లూ కార్డు ఉన్నవాళ్ల భర్తకైనా భార్యకైనా ముందుగా జర్మన్ పరీక్ష అక్కర్లేదు, దిగిన దగ్గర్నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ మాట చెప్పాం. అబ్బాయి తల్లి నవ్వి, "మా వాడు భార్య వీసా మీద వెళ్తాడా అండీ?" అంది. భర్త వీసా మీద అమెరికా వెళ్లి ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న కోడళ్ల గురించి ఆవిడకు తెలియకపోదు. అబ్బాయి మాత్రం ఆలోచించుకుంటానన్నాడట.

అమ్మాయికి పరీక్షాకాలం ఇంకా ఏడు వారాలుంది. సాయంత్రం ఆఫీసు అయ్యాక జర్మన్ క్లాసుకి వెళ్తోంది. వాళ్లమ్మ నిన్న వచ్చి, "ఆ కాకినాడ అబ్బాయి కూడా ఇక్కడేదైనా జర్మన్ క్లాసులో చేరితే బాగుండునండి, నేనెలా చెప్పను?" అంది.