ఎగతాళికి తగిన ఇంటిపేరు కలదా?

తరగతిలో హాజరుపట్టిక చదువునపుడు మేమొక విషయము గమనించుచున్నాము. వంకాయల, పిల్లి, నక్కా వంటి ఇంటిపేర్లు వినబడినంతనే వెనుక బల్లలనుండి కిసకిస నవ్వులు బయలుదేరును. ఆ పేరుగల పిల్లవాడు తల వంచుకొనును. కొందరు తల్లిదండ్రులు మాయొద్దకు వచ్చి, ఇంటిపేరు తీసివేసి, ఈ ప్రాంతపు వాడుక ననుసరించి తండ్రిపేరులోని మొదటి యక్షరము మాత్రమే యుంచుడని కోరుచున్నారు. వారికిని, నవ్వెడి పిల్లలకును ఇటలీదేశపు ఇంటిపేరొకదాని చరిత్ర చెప్పదలచితిమి.

ఆ పేరు ఎస్పోజితో. 'బయట ఉంచబడినవాడు' అను అర్థముగల లాటిను మాటనుండి పుట్టినది. పోషింపలేకయో, లోకనిందకు వెఱచియో కన్నవారు విడిచిన పసికందులకు నేపుల్సు నగరమున ఈ పేరు పెట్టెడివారు. అచట 14వ శతాబ్దిలో వెలసిన అనున్‌త్సియాతా ధర్మసంస్థ అట్టి శిశువులను చేర్చుకొనెడిది. దాని గోడలో గుండ్రముగా తిరిగెడి కొయ్యతొట్టి యొకటి యుండెడిది. తల్లి వీథిలో నిలిచి, బిడ్డను అందులో నుంచి త్రిప్పగా బిడ్డ లోపలికి చేరును. తల్లి ముఖము లోపలివారికి కనబడదు. 1875 వఱకు ఆ తొట్టి తిరుగుచునే యుండినది.

ఇతర నగరములందును ఇట్టి పేర్లు కలవు. ఫ్లారెన్సులో 1445లో తెఱవబడిన అనాథాశ్రమము పేరు 'ఇన్నొచెంతి', అనగా అమాయకులు. అదియే అచటి పిల్లలకు ఇంటిపేరాయెను. మిలానులో ఆసుపత్రి చిహ్నము పావురము. కావున అచటి పిల్లలు 'కొలొంబో' లైరి.

అన్నము పెట్టిన చేయియే పేరుతో మచ్చయు వేసినది. అది అన్యాయమని తలచియే, 19వ శతాబ్ది తొలినాళ్లలో నేపుల్సు నేలిన మురా రాజు కాలమున, విడువబడిన బిడ్డలకు ఆ పేరు పెట్టరాదని నిషేధించిరి. క్రొత్తగా పెట్టుట ఆగినది గాని, ఉన్న పేరు మాయలేదు. నేడు నేపుల్సులో మిక్కిలి ఎక్కువగా వినవచ్చెడి ఇంటిపేరు అదియే. ఇటలీ యంతటను పేరెన్నిక గలవానిలో నొకటి. వలసపోయినవారితో అది సముద్రములు దాటినది. 1969లో అమెరికాఖండపు ఐస్ హాకీ లీగులో, ఒక్క సీజనులో నూఱు పాయింట్లు సాధించిన మొదటి ఆటగాడు ఫిల్ ఎస్పోజితో. ఆ పేరు విన్నవారికి ఆట తలపునకు వచ్చును గాని తొట్టి తలపునకు రాదు.

పేరు దాచిన పిల్లవానికి బాధ తప్పును గదా యని తల్లిదండ్రు లందురు. పసిమనసు నొచ్చుట చిన్న విషయమని మేము అనము. అయినను పేరును దాచినచో తప్పు పేరుదేయని మనమే యొప్పుకొన్నట్లగును; నవ్వినవానికి బుద్ధి చెప్పినట్లు కాదు. పైగా, సరిహద్దు కీవల తరతరములుగా నున్న మనకు ఆవలి చుట్టములు ఆనవాలు పట్టుట ఇంటిపేరుచేతనే. ఒక యక్షరము ఆ పని చేయజాలదు.

కావున తల్లిదండ్రులారా, ఇంటిపేరును పట్టికలో పూర్తిగా నుండనిండు. మేము దానిని స్పష్టముగా, గౌరవముగా పిలుతుము. ఎవరైన నవ్విరేని, వారు ముందు తమ ఇంటిపేరు పుట్టుక తాతనో అవ్వనో అడిగి వ్రాసితేవలెను.