నాలుగు లోపుంటే నార్మలేనా?

లెపర్డ్స్‌టౌన్ అనగానే డబ్లిన్ వాళ్ళకి గుర్రప్పందాలు గుర్తొస్తాయి, మనవాళ్ళకి మైక్రోసాఫ్ట్ ఆఫీసు. ఇక్కడ రోజంతా సర్వర్ల గ్రాఫులు చూస్తూ ఏ గీత ఎక్కడ వంగిందో ఇట్టే పట్టేసేవాళ్ళం, ఊర్నించి నాన్నగారి లాబ్ రిపోర్టు వాట్సాప్‌లో రాగానే చూసేది మాత్రం ఒక్కటే: అంకె పక్కన అచ్చువేసిన "నార్మల్" పరిధి. లోపల ఉంటే "ఏం ఫర్లేదు నాన్నా" అంటాం. దాటితే కంగారు పడతాం.

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వైద్యం అయినవాళ్ళ పీఎస్‌ఏ విషయంలో ఈ పద్ధతి రెండు వైపులా మోసం చేస్తుంది.

పీఎస్‌ఏ అంటే ప్రొస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రోటీను. మంచి కణాలూ చేస్తాయి, క్యాన్సర్ కణాలూ చేస్తాయి. మన దేశంలో మిల్లీలీటరుకి ఇన్ని నానోగ్రాములని రాస్తారు, ఐర్లండులో లీటరుకి ఇన్ని మైక్రోగ్రాములని రాస్తారు. అంకె ఒకటే, మార్చక్కర్లేదు. చాలా లాబులు అచ్చువేసే "0 నుంచి 4" అనే పరిధి వైద్యం కాని, గ్రంథి ఉన్న మగవాళ్ళ కోసం పెట్టింది. విచిత్రమేమిటంటే అమెరికాలో ఎఫ్‌డీఏ 1986లో ఈ పరీక్షని మొదట ఆమోదించింది, అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్ళని కనిపెట్టి ఉండడానికి! కొత్తగా క్యాన్సర్‌ని పట్టుకోవడంలో సాయానికి ఆమోదించింది 1994లో.

సర్జరీ చేసి గ్రంథిని పూర్తిగా తీసేశారనుకోండి. రక్తంలో ఉన్న పీఎస్‌ఏ రెండు మూడు రోజులకోసారి సగమవుతూ, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పరీక్షకి అందనంతగా పడిపోవాలి. ఆ తర్వాత 0.2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చి, రెండోసారి చేసినా అలాగే ఉంటే, జబ్బు తిరగబెట్టినట్టు లెక్క. అలాంటాయనకి 0.6 వచ్చినా రిపోర్టు "నార్మల్" అనే అంటుంది. ఆ మాట నమ్మి ఊరుకుంటే పోయేది విలువైన సమయం. ఆ దశలో ఇచ్చే రేడియేషన్, పీఎస్‌ఏ తక్కువగా ఉన్నప్పుడు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

మొదటి వైద్యమే రేడియేషన్ అయితే కథ వేరు. గ్రంథి అక్కడే ఉంటుంది. అంకె మెల్లిగా దిగి అడుగు తాకడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. 2005లో ఫీనిక్స్‌లో నిపుణులు కూర్చుని తేల్చిన లెక్క ప్రకారం, ఆ అడుగు అంకెకి 2 కలిపితే వచ్చేది హద్దు. అడుగు 0.5 అయితే హద్దు 2.5. మధ్యలో 1.1కి పెరిగి, దానంతటదే దిగిపోవడమూ ఉంది. దీన్ని బౌన్స్ అంటారు. నిద్ర మానుకోనక్కర్లేదు, డాక్టరుకి చూపిస్తే చాలు.

హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే అంకె వాటివల్ల కూడా పడిపోతుంది. ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడో తెలియకుండా ఆ అంకెకి అర్థం చెప్పలేం.

ఇహ అన్నిటికన్నా ముఖ్యం, వేగం. 0.2 కాస్తా 0.4 కావడానికి ఏడాది పట్టడం ఒకటి, మూడు నెలలు పట్టడం మరొకటి. డాక్టర్లు చూసే డబ్లింగ్ టైమ్ ఇదే. లాగ్ స్కేలు మీద గీస్తే గీత వాలు మనకే కనిపిస్తుంది. అయితే లాబు మారితే కిట్టు మారచ్చు, కొలత ప్రమాణాన్ని బట్టే సుమారు 20 శాతం తేడా రావచ్చు. అంచేత ఎప్పుడూ ఒకే లాబులో చేయించడం మంచిది.

నా అభిప్రాయంలో ఇది సగం వైద్యం సమస్య, సగం సాఫ్ట్‌వేర్ సమస్య. ఆరోగ్య సమాచారం పంపుకోడానికి వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో, నార్మల్ పరిధి ఎవరికి వర్తిస్తుందో చెప్పడానికి "అప్లైస్ టూ" అని ఒక గడి ఉంది. అది నింపాలంటే లాబు కౌంటర్లో ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "ప్రొస్టేట్‌కి ఏ వైద్యం జరిగింది?" వైద్యం జరిగినవాళ్ళకి 0 నుంచి 4 అని అచ్చువెయ్యడం మానేసి, పాత అంకెలతో గ్రాఫు వేసిస్తే ఎంత మేలు! అలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు మనలోనే ఉన్నారు.

అందాకా ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. తేదీ, అంకె, లాబు, జరుగుతున్న వైద్యం, ఈ నాలుగు గడులూ నింపి నాన్నగారి డాక్టరుకి పంపండి. నిర్ణయం ఆయనది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఎంతొచ్చింది?" అని ఊరుకోకుండా, "పోయినసారి ఎంత, ఏ లాబులో?" అని కూడా అడగండి.