పత్తికాయ విప్పి చూడండి

ఎన్‌సీఈఆర్‌టీ డైరెక్టర్ గారికి,

పదో తరగతి సైన్సు పుస్తకంలో 'అనువంశికత, పరిణామం' అన్న పాఠం ఇప్పుడు ఉత్త 'అనువంశికత'గా మిగిలింది. భారం తగ్గించామన్నారు. పరిణామం పన్నెండో తరగతిలో ఉందిగా అంటారు. అక్కడ జీవశాస్త్రం తీసుకోని వాళ్ల సంగతేమిటి?

పరిణామం పాఠం ఎందుకు కావాలో చూడాలంటే డిసెంబరులో మా వరంగల్ వైపు పత్తిచేలకు రండి. పచ్చికాయను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు పురుగు, గింజ తొలుచుకుంటూ, తాపీగా. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు, అందులో పెట్టిన జన్యువు తయారుచేసే విషం ఈ పురుగును చంపేది. కోట్ల పురుగుల్లో ఏ కొన్నింటికో ఆ విషాన్ని ఓర్చుకునే జన్యుమార్పు ఉంది. మిగతావి చచ్చాయి, ఇవి సంతానాన్ని పెంచుకున్నాయి. చేను చుట్టూ వేయమని ఇచ్చిన నాన్ బీటీ గింజల పొట్లాన్ని మనవాళ్లు చాలామంది పక్కన పడేశారు (తప్పు మాదీ ఉంది). వేసుంటే మామూలు పురుగులూ బతికి, వీటితో జతకట్టి, ఆ మార్పు అంత తొందరగా పాకేది కాదు. 2010 నాటికి గుజరాత్‌లో బీటీ పత్తిలోని ఆ మొదటి జన్యువు ఓడింది. తర్వాత రెండు జన్యువుల విత్తనమూ అంతే. 1859లో డార్విన్ చెప్పింది ఇదే కదండీ!

ఇంట్లో పురుగుమందుల బాకీ ఎందుకు పెరిగిందో పిల్లలకు తెలియాలి. వచ్చే ముద్రణలో ఆ పేజీలు తిరిగి పెట్టండి. బొమ్మలకు కావాలంటే పుచ్చిన కాయలు మేమే పంపిస్తాం.

ఇట్లు,
ఓ రిటైర్డ్ సైన్సు మాస్టారు